అట్టలో కోసిన కిటికీ

మా కంప్యూటర్ సార్ పోయిన మంగళవారం చనిపోయారు. నాంపల్లిలోని మా మహిళా గ్రంథాలయం గ్రూపులో ఆ రోజు పొద్దున్నుంచీ దండం పెట్టే బొమ్మలే. పెట్టినవాళ్లలో ఈ రెండేళ్లలో ఆయన గుమ్మం తొక్కినవాళ్లు ఒక్కరూ లేరు. నేనూ తొక్కలేదు.

ఆబిడ్స్‌లో ఒక మేడ మీది గదిలో ఆయన మాలాంటి గృహిణులకు డేటాబేస్ నేర్పేవారు. పాత పెళ్లికార్డు వెనక ‘ఈ ఫోన్ నంబరు గల సభ్యురాలిని చూపించు’ అని క్వెరీ, అంటే కంప్యూటర్‌ను అడిగే ప్రశ్న, రాసి, నంబరు ఉండాల్సిన చోట బ్లేడుతో కిటికీ కోసేవారు. మేము చీటీల మీద నంబర్లు రాసి అందులో దూర్చేవాళ్లం. కోడ్‌లో ఆ కిటికీకి బదులు ఒక ప్రశ్నార్థకం.

“చీటీల ఏమన్న రాసుకోనీ, అట్ట మీది మాట మారొద్దు. ఎవడో టైప్ చేసింది తెచ్చి క్వెరీకి అతికిస్తే, వాడు రాసిందే హుకుం అయితది,” అనేవారు సార్.

“గంత భయమా సార్?” అన్నాను ఒకసారి.

“నువ్వు తలుపుకు గొళ్లెం పెట్టేది భయంతోనా అమ్మా?”

గ్రంథాలయానికి ప్రోగ్రాం ఆయనే ఊరికే రాసిచ్చారు. ఆయన కంటి ఆపరేషన్‌కు దవాఖానలో ఉండగా, ఎవరు తీసుకున్న పుస్తకాలు వాళ్లే చూసుకునే పేజీ కావాలని అధ్యక్షురాలు తొందరపెట్టారు. నేను రాశాను; అదీ సార్ రాసిందే అని ఆమె అనుకున్నారు. ప్రశ్నార్థకంతో ఎంతకీ పని కాలేదు. టైప్ చేసిన నంబరును నేరుగా క్వెరీకి అతికించేశాను. నా నంబరు కొడితే నా పుస్తకాలు వచ్చాయి. చాలనుకున్నాను.

సార్ కంటికి పచ్చగుడ్డతోనే వచ్చారు. “కిటికీ పెట్టినవా?”

“పెట్టిన సార్.”

తెర చూడలేని మనిషి, నా మాట నమ్మారు.

వారం తిరగకుండానే ఎవడో నంబరుకు బదులు అందరికీ వర్తించే షరతు టైప్ చేశాడు. అదే హుకుం అయి, సభ్యురాళ్లందరి నంబర్లూ బయటపడ్డాయి. వేళాపాళా లేని ఫోన్లు మొదలయ్యాయి. ఒకామెను భర్త గ్రంథాలయమే మాన్పించాడు.

“ఏంది సార్ గిది? ఆడోళ్ల నంబర్లు బజార్ల పెడ్తిరి,” అన్నారు అధ్యక్షురాలు సమావేశంలో.

సార్ అప్పటికే కోడ్ చూశారు. ప్రతి వరుస పక్కనా ఎందుకు రాశానో వివరం రాసే అలవాటు క్లాసులో నాకొక్కదానికే ఉంది; కిటికీ పెట్టకుండా నంబరు అతికించిన వరుస పక్కనా రాసే ఉంచాను. అయినా నావైపు చూడలేదు. “చూసుకోవాల్సింది నేను. చూసుకోలే,” అని తన దగ్గరుండే గ్రంథాలయం తాళంచెవి బల్ల మీద పెట్టారు. సమావేశాల పుస్తకం రాసేది నేనే. తప్పు ఆయనదని తీర్మానం రాసి, కింద గీత కూడా గీశాను.

తర్వాత ఆయన క్లాసుకు ఒక్కొక్కరే మానేశారు. ఆ గదీ పోయింది.

మొన్నటి సంతాపసభలో అదే అధ్యక్షురాలు “మచ్చలేని మనిషి” అన్నారు. అందరూ తలలూపారు. నేనూ ఊపాను. అందుకే మన గ్రంథాలయం సంచికలో ఇది రాస్తున్నాను. ఆ పేజీ రాసింది నేను. అబద్ధం చెప్పిందీ నేనే.

సభ అయ్యాక సార్ భార్య ఒక కవరు ఇచ్చారు. “మీదంట. ఇయ్యమన్నరు.”

లోపల ఆ పెళ్లికార్డు. కిటికీలో నా చేతిరాతతో నా నంబరు చీటీ. వేలితో లాగితే ఇట్టే బయటికి వచ్చింది. అట్ట మీద ఆయన రాసిన మాట రాసినట్టే ఉంది.