ఆఖరి పేజీలో క్షమాపణ

పాతికేళ్ళుగా పిల్లల కోసం కథలు రాస్తున్న ఆవిడకి రాసిన ప్రతి మాటా పైకి చదువుకునే అలవాటుంది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, పదమూడేళ్ళ పిల్లలా గొంతు చించుకుని పోట్లాడుతుంది. కొత్తగా దిగిన పక్కింటావిడ, "మీ అమ్మాయికి కాస్త కోపం ఎక్కువనుకుంటా" అని జాలిపడింది కూడా. నిజానికి ఆవిడకి పిల్లలు లేరు.

ఈసారి నవలలో కూతురి డైరీని తల్లి దొంగచాటుగా చదివి, చుట్టాలందరి ముందూ బయటపెట్టి నవ్విస్తుంది. కూతురు తల్లితో మాట్లాడటం మానేస్తుంది. సంపాదకుడు ఫోన్ చేసి, "చివర్లో ఆ పిల్ల తల్లికి సారీ చెప్పాలండీ. లేకపోతే స్కూళ్ళవాళ్ళు తీసుకోరు" అన్నాడు. ఆవిడ వారం రోజులు వాదించి, ఇక ఓపిక లేక, పళ్ళు బిగబట్టి ఒక పేజీ రాసిచ్చింది. ఆ పేజీ మాత్రం పైకి చదవలేదు. పుస్తకం అచ్చయి రాగానే మేనకోడలు ఒక్క పూటలో చదివేసి, మొహం గంటు పెట్టుకుని వచ్చింది.

"అత్తా, ఆ పిల్లెందుకు సారీ చెప్పింది? తప్పు వాళ్ళమ్మది కదా!"

"అలా ఉంటేనే బావుంటుందన్నారే."

"వాళ్ళంటే? రాసింది నువ్వేగా?"

ఆవిడ తలొంచుకుని, "సారీ తల్లీ" అంది.

"నాకెందుకు? ఆ పిల్లకి చెప్పు."