చేపల కోసం ఆగిన పంపు

బడిలో ఒక లెక్క ఉండేది: తొట్టిలోకి ఒక గొట్టం నీళ్ళు పోస్తుంది, ఇంకో గొట్టం తోడేస్తుంది, తొట్టి ఎప్పుడు నిండును? ఆ లెక్క రాకనే ఏడో తరగతిలో బడికి దండం పెట్టాను. కంపెనీ వాళ్ళు ఎంత తెలివైన వాళ్ళంటే, గోదావరిఖని దగ్గరి ఒక భూగర్భ గనిలో సరిగ్గా ఆ తొట్టి పక్కనే నన్ను పంపు ఖలాసీగా కూర్చోబెట్టారు. 1987 ఎండాకాలం నాటికి అక్కడ నాకది ఎనిమిదో ఏడు.

తొట్టిని మేము సంపు అంటాం. గని గోడల్లోంచి ఊరే నీరంతా పల్లానికి పారి అందులో చేరుతుంది. పెద్ద పంపు దాన్ని పైకి తోడి వాగులో పోస్తుంది. ఆదివారాన్ని మా దగ్గర ప్లే డే అంటారు. ఆ రోజు బొగ్గు తీయరు, మరమ్మతులే. ఊట నీటికి ప్లే డే తెలియదు కనుక పంపు ఖలాసీకి అది ఉండదు.

ఆ సంవత్సరమే పంపులకూ మోటార్లకూ కొత్త ఇంజనీరు వచ్చాడు. కోస్తా మనిషి. అంతకు ముందు ఎక్కడో కొండ ఊళ్ళో ఉండి, మంచు లాంటి నీళ్ళలో ట్రౌట్ అనే చేపను పట్టడం నేర్చాడట. ఆ చేప నీటి మీద వాలే పురుగుల కోసం పైకి వస్తుంది కాబట్టి గాలానికి ఈకలూ దారాలూ చుట్టి ఈగలా తయారు చేస్తారు. దాని పేరు ఫ్లై. సారు దగ్గర అవి ఒక డబ్బా నిండా ఉండేవి. కోడి ఈకలను అంత భద్రంగా దాచుకున్న మనిషిని నేను అంతవరకు చూడలేదు. మేము ఈకలు పీకి పారేసి కోడిని దాచుకునే జాతి.

ఇక్కడ చేపలు ఎక్కడ పడతాయని నన్నే అడిగాడు. తెలిసింది చెప్పాను. మే నెలలో గోదావరిలో ఇసుక ఎక్కువ, నీరు తక్కువ. ఆ కాస్త నీరూ మధ్యాహ్నానికి స్నానానికి కాచినట్టు అవుతుంది. వేడి నీటిలో గాలి తగ్గుతుంది. చేప మేత మానేసి మడుగు అడుగుకు పోతుంది, లేకపోతే పైకొచ్చి నోరు తెరుచుకుని తేలుతుంది. అట్లా తేలిన చేపను చూసి ఆకలి మీదుందని సంబరపడేవాడికి ఊపిరాడకపోవడం అంటే ఏమిటో తెలియదన్నమాట. వేటకు తెల్లవారుజామున ఒక గంట దొరికితే గొప్ప. ఒక్క చోట మాత్రం పగలంతా చేప ఉంటుంది. అది మా పంపు నీళ్ళు వాగులో పడే చోటు. గని నీరు నది నీటికన్నా చల్లన. ఎత్తు నుంచి పడి నురగ కడుతుంది కనుక గాలీ కలుస్తుంది. జెల్లలు, పరకలు అక్కడికే చేరతాయి.

"ఎర్రలు గుచ్చుండ్రి సార్, పడుతయి" అన్నాను. ఆ వానపామును తననే తినమన్నట్టు చూశాడు.

ఆ తర్వాతి ఆదివారం నేను పొద్దటి షిఫ్టులో కింద ఉన్నాను. సంపు పొర్లితే నీరు దిగేది కింది గ్యాలరీలోకి, అంటే సొరంగంలోకి. అక్కడ యాకూబ్ అన్న, ఇంకో ఇద్దరు కప్పుకు ఆనించిన దుంగలు మారుస్తున్నారు. ఫోన్ మోగింది. సారు వాగు దగ్గరి నుంచి జీపులో గని ఆఫీసుకు వచ్చి మరీ చేశాడు.

"ఒక అరగంట పంపు ఆపవయ్యా. ఆ తాకిడికి నా ఫ్లై మునిగిపోతోంది. నిలకడ నీళ్ళు కావాలి."

"గా నీళ్ళ కోసమే చేపలొచ్చినయి సార్. ఆపితే అవి సుత పోతయి. కింద మనుషులున్నరు."

"నాకు పాఠాలు చెప్తున్నావా? ఆపమంటే ఆపు."

ఆపాను. సంపు గోడ మీద సున్నంతో ఒక గీత ఉంటుంది. నీరు దాన్ని దాటకూడదు. ఆ రోజు సంపు ముందే నిండుగా ఉంది. అరగంట కాకముందే నీరు గీత దాటి పొర్లింది. కింది నుంచి యాకూబ్ అన్న కేక: "అరే తమ్మీ! పంపుకేమైందిరా? పిక్కల దాకా వచ్చినయ్!" అప్పుడు స్విచ్ వేశాను. ఆగిన పంపు వెంటనే నీళ్ళు ఎత్తదు. పైపులో గాలి పోయి నీరు నిండాలి. దానికి ఐదు నిమిషాలు పట్టింది. ఆ ఐదు నిమిషాల్లో కొత్తగా నిలబెట్టిన దుంగల కింది మట్టి కరిగింది. ముగ్గురూ సామాను వదిలి బయటపడ్డారు. వెనకాల కప్పులోంచి ఒక పెళ్ళ రాలింది.

పంపు ఎప్పుడు ఆగినా లాగ్ బుక్కులో వేళ, కారణం రాయాలి. కరెంటు పోయినది, నీరు కారకుండా పెట్టే ప్యాకింగ్ మార్చినది, ఇట్లాంటివే అందులో ఉంటాయి. నేను రాశాను: "ఇంజనీరు గారు వాగులో చేపలు పట్టుటకు ఆపమన్నారు."

మరునాడు సారు నన్ను పిలిపించి, బ్రేక్‌డౌన్ అని మార్చమన్నాడు. బ్రేక్‌డౌన్ అంటే తప్పు ఖలాసీది. ఛార్జిషీటు వస్తుంది, ఉద్యోగం కూడా పోవచ్చు. పేజీలకు నంబర్లున్నాయి, కొట్టివేతలు కుదరవని చెప్పాను. పుస్తకం గని మేనేజరు దగ్గరికి పోయింది. ఆయన ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, ఇంజనీరును ఒక్కటే అడిగాడు: చేపలు పడ్డాయా అని. ఎట్లా పడతాయి? నీళ్ళు ఆగిన పది నిమిషాలకే అవి మడుగు దారి పట్టాయి. చేపలకు ఉన్నంత తెలివి ఆ డబ్బాలో ఒక్క ఈకకు కూడా లేదు. నెల తిరక్కుండా సారును బెల్లంపల్లి వైపు స్టోర్లకు బదిలీ చేశారు. ఆపడానికి అక్కడ పంపులు లేవు. గీత దాటనిచ్చినందుకు నాకు వార్నింగ్ కాగితం వచ్చింది.

నేర్చుకున్నది ఇది: ఫోన్లో ఆర్డరు వస్తే ముందు పుస్తకంలో రాయాలి, చెప్పినవాడికి చదివి వినిపించాలి, ఆ తర్వాతే స్విచ్ దగ్గరికి పోవాలి. చదివి వినిపిస్తే సగం ఆర్డర్లు అక్కడే చస్తాయి.

అప్పట్లో మాత్రం నేను క్యాంటీన్లో ఆ వాక్యాన్ని పదిమందికి అప్పజెప్పి, సారును గాలానికి తగిలించింది నేనేనని గొప్పలు పోతూ ఉండేవాణ్ణి. ఒకరోజు యాకూబ్ అన్న చాయ్ గ్లాసు కింద పెట్టి అన్నాడు:

"మంచిగనే రాసినవ్ తమ్మీ. ఆపుమన్న నోరు ఎవలదో రాసినవ్. ఆపిన చెయ్యి ఎవలదో గది సుత రాయొద్దా?"