తెల్లాయన నోట మా బావ గొంతు

టెక్కలిలో మా ఆడపడుచు కూతురి ప్రధానానికి వెళ్లి, విస్తరి ముందు కూర్చుని, ముద్ద కలపకుండా లేచి వచ్చేశానని బంధువుల్లో నా మీద ఒక మాట ఉంది. ఆ మాట ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. ఎందుకు లేచానో మాత్రం ఎవరూ చెప్పరు. కాబట్టి నేనే చెబుతాను.

నేను కూర్చున్నాక మా ఆడపడుచు ఫోను పట్టుకుని వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు తలలు వంచి చూశారు.

"సూడొదినా, అన్నియ్య ఎలాగేడుత్తన్నాడో. నాకైతే గుండి నీరైపోతంది" అంది.

ఫోనులో ఒక సినిమా ముక్క, అందులో మా బావ. బావంటే నా భర్తే. మేనత్త కొడుకు కాబట్టి పెళ్లికి ముందూ బావే, తర్వాతా బావే. ఆ సినిమాలో ఆయన కథానాయిక తండ్రి. కూతురి చెయ్యి అల్లుడి చేతిలో పెట్టి, "నా ప్రాణాన్ని నీకప్పగిస్తున్నాను బాబూ" అంటున్నాడు. మొహం బావది. కళ్ల కింద సంచులు బావవి. వణుకుతున్న గడ్డం బావది. గొంతు మాత్రం ఎవరిదో. కృష్ణ ఒడ్డున పుట్టిన గొంతు, మీగడ రాసినట్టు నున్నగా ఉంది.

"ఇది మీ అన్నయ్య గొంతా?" అన్నాను.

"గొంతుదేటుందొదినా, మనిసి కనబడతన్నాడు గదా!"

తోడబుట్టిన మనిషి అన్న మాట అది. లేచి వచ్చి బస్సెక్కాను.

బావ పోయేనాటికి మా ఇంట్లో ఉన్నది బటన్ల ఫోను. ఆయన ఫొటోలు ఉన్నాయి. సినిమాలున్నాయి, టీవీలో ఇప్పటికీ వేస్తుంటారు. గొంతు లేదు. మిగిలిన వాళ్లకి మొహం చాలు. నాకు చాలదు. నాకు కావలసింది ఆ ఒక్కటే, అది ఎక్కడా లేకుండా చేశారు.

మాది కంచిలి దగ్గర జీడితోటల మధ్య ఊరు. మా చర్చిలో క్రిస్మస్ నాటకం వేస్తే బావ, పసిపిల్లల్ని చంపించిన హేరోదు రాజు. ఆయన అడుగు పెడితే ముందు వరసలో పిల్లలు తల్లుల వెనక దాక్కునేవారు. ఒక ఏడాది సముద్రం ఒడ్డున సినిమా వాళ్లు దిగి, వల లాగడానికి భారీ మనిషి కావాలన్నారు. బావ వల లాగాడు. అలా లాగుతూ లాగుతూ హైదరాబాదు చేరాడు.

అక్కడ ఆయన వేసినవి గ్రామ పెద్ద, తాగుబోతు, కోర్టులో బెంచి గుమాస్తా, కథానాయిక తండ్రి, శవం. తెర మీద పేర్లు పడేటప్పుడు ఆయన "తదితరులు"లో ఉండేవాడు. శవం వేషాలు చాలానే వచ్చాయి. ఒకసారి పలాసలో మా అమ్మ హాల్లోనే లేచి నిలబడి, "ఓలమ్మో, నా అల్లుడో!" అని శోకం మొదలెట్టింది. నలుగురూ పట్టుకుని కూర్చోబెట్టారు. అది చాలదన్నట్టు ఆ ఆదివారం సంఘపెద్ద ఒకాయన ప్రార్థన అయ్యాక మా అమ్మని నిలబెట్టి, "నీ అల్లుడు నుదుటి మీద విబూది ఎట్టుకున్నాడంట?" అని అడిగాడు.

"సచ్చినోడు ఎట్టుకుంటాడేటి? ఎట్టినోల్లనడగండి" అంది మా అమ్మ.

ఆ పెద్దమనిషి ఇప్పుడు లేడు. అడిగిన మాట ఉంది.

మొదటిసారి బావకి పెద్ద మాటలున్న వేషం దొరికినప్పుడు, సుమ్మాదేవి స్టేషన్లో పాసింజరు కోసం కూర్చుని ఆ మాటలే వల్లించుకున్నాడు. పక్కనే గంపలు దించుకుని కూర్చున్న ఆడవాళ్లు విని కళ్లు తుడుచుకున్నారు. నేను చూశాను. ఆ సినిమా పలాస వచ్చిన రోజు ఇంటిల్లిపాదీ వెళ్లాం. తెర మీద బావ నోరు తెరిచాడు. వేరే మనిషి మాట్లాడాడు. చీకట్లో బావ నా వైపు వంగి, "ఎవడే ఈడు?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

తర్వాత ఆయన వెళ్లి సినిమా తీసినవాళ్లని అడిగితే, "మొహం మీది బాగుంది గురువుగారూ, గొంతు మేం చూసుకుంటాం. నవ్వించే సీనుంటే మీ గొంతే పెడతాం" అన్నారట. అంటే మా వైపు మాటతో కూతుర్ని అప్పగించకూడదు, ఏడవకూడదు, చావకూడదు. తాగి కాలవలో పడొచ్చు. పడిన సీన్లలో కూడా చివరికి ఆయన గొంతు ఉంచలేదు.

ఇవన్నీ నేను బావకే చెప్పేదాన్ని. ఆయన రైలు దిగి ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చోగానే మొదలుపెట్టేదాన్ని. నేను పాఠాలు చెప్పే బడిలో హెడ్మాస్టరు నన్ను ఏమన్నాడో, పెళ్లిలో మా తోటికోడలు ఎవరిని ముందు పలకరించిందో, ఆయన మీద ఎవరు ఏ చెణుకు విసిరారో. బావ తింటూ "ఊఁ" అనేవాడు. నీదే తప్పు అనేవాడు కాదు. వాళ్లదే తప్పు అనీ అనేవాడు కాదు. ముందు చదునుగా ఒక ఊఁ. కాస్త వేడెక్కాక, చివర పైకి లేచే ఊఁ. అసలు గాయం దగ్గరికి వచ్చేసరికి, ముద్ద చేతిలో ఆగిపోయి, కడుపులోంచి మెల్లగా వచ్చే పొడుగాటి ఊఁ.

"అసలు వింటున్నావా, ఊరికే అంటున్నావా?" అని కసిరితే, "ఊఁ కొట్టకపోతే సెప్పినోల్ల నోరు ఎండిపోద్దే" అనేవాడు.

సినిమాల్లో వేషాలు తగ్గాక ఆయనకి ఇంకో పని దొరికింది. ఒక టీవీ ఛానల్ వాళ్లు హాలీవుడ్‌లో ఎప్పుడో తీసిన నలుపు తెలుపు సినిమాలు తెచ్చి తెలుగు మాటలు పెట్టించేవారు. ఆ సినిమాల్లో ఒక లావాటి తెల్లాయన ఉండేవాడు. ఏ సినిమా పెట్టినా అందులో ఎక్కడో ఒక మూల ఉంటాడు. హోటల్లో గ్లాసులు తుడుస్తూ, జైలు తలుపు తీస్తూ, రైల్వే స్టేషన్లో టికెట్టు కొడుతూ, కోర్టులో జడ్జి కింద కూర్చుని. ఆయనకి గొంతు బావది.

ఎందుకు బావదో తెలిసి నేను మండిపడ్డాను. హీరోకి పుస్తకం తెలుగు. జడ్జికి పుస్తకం తెలుగు. ఆ లావాటాయనకి మాత్రం శ్రీకాకుళం మాట పెడితే జనం నవ్వుతారని పెట్టించారు.

"తెల్లోళ్ల సినిమాలో కూడా నవ్వులాటకి మనమే దొరికామా?" అన్నాను.

"ఊఁ" అన్నాడు బావ. తర్వాత ఆయనే, "నీ మాటా నిజమే గానీ, ఆడు నాలాటోడేనే. అక్కడా తదితరులే. ఆడి పేరేటో మాకు సెప్పినోడు లేడు" అన్నాడు.

ఆ తెల్లాయన బతుకంతా బావ డబ్బింగు చెప్పే ఆ చీకటి గదిలోనే చూశాడు, అదీ వరస తప్పి. ఇవాళ ముసలాయన వస్తే, రేపు అదే మనిషి ఒత్తు జుట్టుతో కుర్రాడై వస్తాడు. మొదట్లో సినిమాల్లో పెట్టెలు మోస్తూ పరుగెత్తేవాడట. తర్వాత నడిచేవాడట. చివర్లో వచ్చినవన్నీ కూర్చునే వేషాలే. "కాళ్లు నొప్పులొచ్చీసుంటాయి పాపం, కుర్సీ ఏసీసినారు" అనేవాడు బావ, ఆయన మా పక్క వీధి మనిషైనట్టు. "ఆడి పని మాటాడ్డం కాదే, ఇనడం. హీరో మాటాడతంటే అందరూ హీరోని సూత్తారు గదా, ఓసారి ఈడిని సూడు. ఎంత బాగింటాడో!"

నేను చూడలేదు. మా మాటని నవ్వులపాలు చేసిన సినిమా నేనెందుకు చూడాలి? ఆ మాటకి ఇప్పటికీ కట్టుబడే ఉన్నాను. 

కొన్నాళ్లకి బావ కాళ్లు వాచాయి. మా ఉద్దానంలో కాళ్లు వాస్తే ఎవరూ నొప్పిమాత్ర కోసం వెతకరు, కిడ్నీ పరీక్షకి వెళతారు. వేషాలు మానేసి వచ్చేశాడు. కాశీబుగ్గలో నా బడి దగ్గర ఇల్లు తీసుకున్నాం. ఆస్పత్రిలో రక్తం శుద్ధి చేసే మిషను పక్కన పడుకున్నప్పుడు కూడా నేను చెబుతూనే ఉండేదాన్ని, ఆ నర్సు ఇలా అంది, ఈ మంచం మనకి ఆలస్యంగా ఇచ్చారు అని. ఆయన కళ్లు మూసుకుని ఊఁ అనేవాడు. ఒకరోజు అనలేదు.

భూస్థాపన రోజు పాస్టరుగారు "సినిమాల్లో చిన్న చిన్న వేషాలు వేసిన మన సహోదరుడు" అన్నారు. చిన్న, అని ఒక్కసారి అని ఊరుకోలేదు. చిన్న చిన్న. ఇంటికొచ్చి ఆ మాట చెబుదామని అన్నం ముందు కూర్చున్నాను. ఎదురుగా పీట ఉంది.

తర్వాతే ఆ తెల్లాయన సినిమాల కోసం వెతకడం మొదలెట్టాను. సినిమా చూడటానికి కాదు. బావ గొంతు మిగిలింది ఆ ఒక్క నోట్లోనే కాబట్టి. ఛానల్ ఎప్పుడో మూతపడింది. కాశీబుగ్గలో కేబుల్ టీవీ నడిపే ఆయన దగ్గరికి కూరగాయలకి వెళ్లినప్పుడల్లా వెళ్లి అడిగేదాన్ని. నా గొడుగు కనబడితే లోపల గదిలోకి పోయేవాడు. ఆ సంగతీ నాకు తెలుసు.

"టీచరమ్మా, మల్లీ వచ్చీసినావా? ఆ టీవీ ఛానలు మూసీసి ఎన్నాల్లయినాదో! పేరు తెలీదంతావు, ఊరు తెలీదంతావు, లావుగుంటాడంతావు. లావుగా ఉన్న తెల్లోల్లు ఎంతమంది లేరు సెప్పు?"

"కుర్చీలో కూర్చుంటాడు. మన మాట మాట్లాడతాడు" అన్నాను.

ఇలా చాలా కాలం గడిచింది. టెక్కలి ప్రధానం అయిన కొద్ది వారాలకి ఆయనే ఫోను చేశాడు. "టీచరమ్మా, ఓపాలి రా. ఇంటర్నెట్లో ఎవడో ఎట్టీసినాడు. సూసి సెప్పు."

మధ్యాహ్నం ఎండలో వెళ్లాను. దుకాణంలో టీవీ బాక్సు రిపేరుకి తెచ్చిన మనుషులు ఇద్దరున్నారు. కంప్యూటర్లో బొమ్మ మసకగా ఉంది. ఏదో చిన్న స్టేషను, మన సుమ్మాదేవంత ఉంటుంది. కుర్చీలో లావాటాయన, ముసలాయన, కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. ఒకమ్మాయి పెట్టె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"బండెల్లిపోనాదమ్మా" అన్నాడు తెల్లాయన. "ఇంకోటి వత్తాది. కూకో."

బావ. సుమ్మాదేవి ప్లాట్‌ఫారం మీద గంపల ఆడవాళ్లతో మాట్లాడే బావ.

వెనకనున్న ఇద్దరూ పకపకా నవ్వారు. "ఒరే, తెల్లోడు మన సోంపేటోడి లాగున్నాడ్రా!" అన్నాడొకడు. అలా నవ్వాలనే పెట్టించారు, నవ్వారు. ఆ నవ్వుకి సమాధానం నా దగ్గర ఎన్నో ఏళ్లుగా సిద్ధంగా ఉంది. తల తిప్పాను కూడా. ఈలోగా సినిమాలో ఆ అమ్మాయి పెట్టె మీద కూర్చుని చెప్పడం మొదలెట్టింది, అన్నలు తనని ఎలా మోసం చేశారో, బండి కట్టిస్తామని కట్టించలేదని, వదిన ఏమన్నదో.

"ఊఁ" అని వినిపించింది.

తెల్లాయన పెదాలు మూసే ఉన్నాయి. ఆయన కళ్లద్దాలు తుడుస్తూ వింటున్నాడు, అంతే. మూసిన పెదాల మీద ఎవరూ మాట రాయరు. ఎవరూ పెట్టమనలేదు, బావే పెట్టాడు. అమ్మాయి గొంతు కాస్త పెరిగింది. చివర పైకి లేచే ఊఁ. వదిన మాట దగ్గర ఏడ్చింది. కళ్లద్దాలు తుడిచే తెల్లాయన చెయ్యి ఆగింది. అప్పుడు కడుపులోంచి మెల్లగా, పొడుగ్గా.

దుకాణంలో దానికి ఎవరూ నవ్వలేదు. అది వాళ్లకి వినబడి కూడా ఉండదు.

"ఏటి టీచరమ్మా, ఈయనేనా నువ్వెతికినాయన?" అన్నాడు కేబులాయన.

తల ఊపాను. ఆయన ఆ ముక్కని నా ఫోనులో వేసి ఇచ్చాడు. ఇన్నాళ్లూ నన్ను చూసి లోపలికి పోయినందుకు ఆయన మీద ఉన్న కోపం పూర్తిగా పోలేదు గానీ, సగం తగ్గించుకున్నాను.

ఇప్పుడు అన్నం ముందు కూర్చున్నప్పుడు ఫోను గ్లాసుకి ఆనించి పెడతాను. ఆ అమ్మాయి మాట వినబడకుండా దాని మీదే నేను నా మాట మొదలుపెడతాను. టెక్కలిలో మీ చెల్లెలు ఏమందో తెలుసా బావా, అంటాను. ఊఁ. గొంతుదేటుంది, మనిసి కనబడతన్నాడు గదా అంది. ఊఁ? నేను మెల్లగా అసలు చోటికి వెళ్లేసరికి రైలు వచ్చేస్తుంది. ఆ అమ్మాయి ఫిర్యాదు చిన్నది. పెట్టె తీసుకుని ఎక్కిపోతుంది. తెల్లాయన కుర్చీలో మిగిలిపోయి నోరు మూసుకుని చూస్తుంటాడు, ఇక ఊఁ ఉండదు.

వెనక్కి జరిపి మళ్లీ మొదట్నించీ చెబుతాను. టెక్కలి సంగతి పూర్తిగా చెప్పడం ఇంతవరకూ కుదరలేదు.