పోర్ట్ క్లాంగ్ నుంచి తెచ్చుకున్న తేట

ఆసుపత్రిలో చేరకముందు సింహాచలం అన్న నాకు మూడుసార్లు ఫోన్ చేశాడు. "వచ్చి ఈ ఈస్టులో సగం అట్టుకెల్లు తమ్ముడూ" అన్నాడు. మూడుసార్లూ వచ్చే ఆదివారం వస్తానన్నాను. నాలుగో ఫోన్ ఆయన భార్య అప్పలనరసమ్మ వదిన చేసింది, అన్న పోయాడని. ఈ ప్రయాణం అలా మొదలైంది. చదివి ఎవరికైనా హుషారు పుడుతుందని మాత్రం హామీ ఇవ్వలేను.

అన్న పోర్ట్ క్లాంగ్ రేవు గోదాముల్లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. ఇంట్లో బీరు కాచడం నాకు నేర్పింది ఆయనే. బీరు పులియాలంటే ఈస్టు కావాలి. నాలాంటివాళ్ళం దుకాణంలో పొట్లం కొనుక్కుంటాం. ఆయన ఈస్టు మాత్రం వాళ్ళ నాన్న పనిచేసిన ఎస్టేట్‌లో, చివరగా మిగిలిన కొబ్బరిచెట్టు కల్లులోంచి తీసింది. తర్వాత ఆ చెట్టూ కొట్టేసి అక్కడ కంటైనర్లు పేర్చారు. పన్నెండేళ్ళపాటు ఆ ఈస్టుని ఫ్రిజ్‌లో గాజు ఫ్లాస్కులో దాచుకుని, అప్పుడప్పుడూ బార్లీ మాల్టు నీళ్ళు కాచి చల్లార్చి పోస్తూ బతికించాడు. బీరు కాచేవాళ్ళ భాషలో దాన్ని స్టార్టర్ అంటాం. సంవత్సరికం నాడు ఆ ఈస్టుతో కాచిన బీరే ఆయన ఫోటో ముందు పెట్టాలని వదిన కోరిక. ఈ దేశంలో మన తెలుగువాళ్ళు పోయినవాళ్ళకి ఏది ఇష్టమో అదే పెడతారు, సిగరెట్టయినా సరే. నేను కాచి ఇస్తానని మాటిచ్చాను.

నేనుండేది బ్రిక్‌ఫీల్డ్స్‌లో. పెద్దకర్మ అయ్యాక ఒక ఆదివారం పొద్దున ఏడున్నరకి, అక్కడి పెద్ద స్టేషన్ కేఎల్ సెంట్రల్‌లో పోర్ట్ క్లాంగ్ కమ్యూటర్ రైలెక్కాను. గంటకు పైనే పడుతుంది, టికెట్టు ఐదారు రింగిట్లు. ఆదివారాలు ఒక రైలు తప్పితే ప్లాట్‌ఫారం మీద ఉసూరుమంటూ కూర్చోవాలి, కాబట్టి వేళలు ముందురోజే చూసుకోండి. ఫ్లాస్కు చల్లగా తెచ్చుకోవడానికి ఒళ్ళో ఐసు డబ్బా పెట్టుకున్నాను. స్టేషన్ నుంచి వదిన ఇంటికి కారుకి ఎనిమిది రింగిట్లయింది. డ్రైవరు తమిళాయన. డబ్బాలో చేపలున్నాయా అని అడిగాడు. "ఇప్పుడేం లేదు, తిరిగొచ్చేటప్పుడు ఉంటుంది" అన్నాను ధీమాగా.

"వచ్చినావా తమ్ముడూ, ఏటైనా తిన్నావా?" అంటూ వదిన టీ తెచ్చింది. మనిషి సగమైపోయింది. పెద్దకర్మకి మైల తీయడానికి ఇల్లంతా కడిగి, ఫ్రిజ్‌లో ఉన్నదంతా పారబోశారట.

"మీ అన్నది ఒక్కటీ నాను ఎవుల్నీ ముట్టనీనేదు లా" అంది, ఇక్కడివాళ్ళ మాటతీరులో చివర్న 'లా' చేర్చి. ఫోటో ముందు, దీపం పక్కనుంచి ఒక సీసా తీసి నా చేతిలో పెట్టింది. బంగారు రంగులో తేట నీరు. అడుగున ఏమీ లేదు.

"ఫ్లాస్కు ఏది వదినా?"

"అడుగున తెల్లగా మడ్డి పేరుకుపోయింది తమ్ముడూ. తేటంతా జాగర్తగా ఇందులోకి ఒంపేసి, మడ్డి పారబోసి, వేణ్ణీల్లతో కడిగినాను. బాగా సేసినానా?"

ఈస్టంతా ఆ మడ్డిలోనే ఉంటుంది. మేం పారబోసేది పైనున్న తేటని. కానీ కల్లు తేర్చే ఇంట్లో పుట్టిన మనిషి, ఏ కల్లుకుండనైనా అలాగే ఒంపుతుంది. శుభ్రంగా, ప్రేమగా, చెయ్యకూడనిది చేసింది. ఆ మొహం చూసి నిజం చెప్పలేకపోయాను. "బాగా చేశావు వదినా" అన్నాను.

ఎండుచేపల పులుసుతో అన్నం పెట్టింది, సయించకపోయినా తిన్నాను. పన్నెండున్నర రైలుకి వెనక్కి బయల్దేరాను. తేటలో కూడా కొద్దిగా ఈస్టు మిగిలే ఉంటుంది, దారంతా నాకున్న ఆశ అదొక్కటే. ఇంటికొచ్చి వంద మిల్లీలీటర్ల నీళ్ళలో పది గ్రాముల మాల్టు వేసి పావుగంట మరిగించి, బాగా చల్లార్చి, కడిగి నీళ్ళలో మరిగించిన నా ఫ్లాస్కులో పోసి, ఆ తేట కలిపాను. మొదటిరోజు ఏమీ లేదు. రెండోరోజూ లేదు. మూడోరోజు పొద్దున బుడగలు కనిపించాయి. ఒక్కణ్ణే ఉన్నా కేక పెట్టాను. మూత తీస్తే గుప్పున వెనిగర్ వాసన. పైన పల్చటి తెల్లటి పొర కట్టింది. అన్ని రోజులు దీపం వేడికి ఆ సీసాలో వేరేదేదో పెరిగింది. సింకు ముందు నిలబడి ఏడ్చాను.

సాయంత్రం వదినకి ఫోన్ చేశాను.

"పొంగిందా తమ్ముడూ?"

"లేదు వదినా. పోయింది. నేను ముందే రావలసింది."

"మరి నాను పారబోసినదేటి?" అంది.

"మడ్డి వదినా" అన్నాను.

సంవత్సరికానికి దుకాణం పొట్లంతో కాచి పట్టుకెళ్తాను. వదిన ఏమీ అనదు, అన్న ఫోటో అంతకన్నా అనదు. తప్పు ఆవిడది కాదు. మడ్డి అంటే ఏమిటో తెలిసినవాణ్ణి నేను, నేనే వెళ్ళలేదు. అన్న పిలిచిన ఆ మూడు ఆదివారాలూ నాకు ఏ పనీ లేదు.

ఇలాంటి ఈస్టు పెంచుకునేవాళ్ళకి ఒక్క సలహా: సగం ఎప్పుడూ మరొకరి ఇంట్లో ఉంచండి. ఆ సగం తీసుకెళ్ళమని మిమ్మల్నే ఎవరైనా పిలిస్తే, పొద్దున ఏడున్నరకి రైలుంది.