మడత పెట్టిన గుడ్లు

దేశ రాజధానిలో, మునిర్కా అనే పేటలో నేను మొదట అద్దెకు దిగిన గది మూడో అంతస్తులో ఉండేది. ఒక కిటికీ, రెండు మంచాలు, మూలన గ్యాస్ స్టవ్ పెట్టుకోవడానికి ఒక బండ. ఆ బండ పక్క మంచం నాది, కిటికీ పక్కది నా రూమ్మేట్‌ది. అతను నాకంటే రెండేళ్లు పెద్ద. గుంటూరు వైపు వాడు, కాన్వెంటు చదువు, దగ్గర్లోని యూనివర్సిటీలో ఎం.ఏ. చేస్తున్నాడు. నేను కరీంనగర్ జిల్లా నుంచి సివిల్స్ కోచింగ్ కోసం వచ్చాను. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. కోచింగులో మాస్టర్లు చెప్పేదాంట్లో సగం నా తల మీదుగా వెళ్లిపోయేది.

మొదటి వారమే అతనొక ఒప్పందం పెట్టాడు.

"నాకు వంట రాదు తమ్ముడూ. నీకు ఇంగ్లీషు రాదు. నువ్వు వండు, నేను నేర్పుతా. సరేనా?"

"సరే అన్నా," అన్నాను. అప్పుడు అది నాకు న్యాయంగానే తోచింది.

మాకంటే ముందు ఉన్నవాళ్లెవరో అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు వంటల పుస్తకం అటక మీద వదిలేసిపోయారు. అదే నా పాఠ్యపుస్తకం. అతను మంచం మీద వాలి, కాళ్లు గోడకు ఆనించి, ఒక్కో వాక్యం చదివేవాడు. నేను అది తిరిగి పలికి, ఆ పని చేయాలి. చాప్. స్టర్. కవర్ ద పాన్. అర్థం కాకపోతే అడగవచ్చు, కానీ అడిగితే ముందు ఒక నవ్వు, తర్వాత అర్థం.

"'చాప్ ఫైన్లీ' అన్నాను కదయ్యా. ఏంటీ దుంగలు?"

"ఫైన్ అంటే మంచిగనే గదా అన్నా. మంచిగనే కోసిన."

"సన్నగా అని! ఇక్కడ ఫైన్ అంటే సన్నం. దేవుడా, ఇతను కలెక్టర్ అవుతాడట."

ఒకరోజు కేకులాంటిదేదో చదువుతూ 'ఫోల్డ్ ఇన్ ద ఎగ్స్' అన్నాడు. ఫోల్డ్ అంటే మడత పెట్టడమని నాకు తెలుసు. దుప్పట్లు మడిచే మాట అది.

"గుడ్లు ఎట్ల మడత పెడ్తరన్నా?" అని నిజంగానే అడిగాను.

అతను పుస్తకం ముఖం మీద బోర్లించుకుని నవ్వాడు. మెల్లగా కిందినుంచి పైకి తిప్పుతూ కలపడాన్ని అలా అంటారని చివరికి చెప్పాడు. మర్నాడు పొద్దున కింద చాయ్ కొట్టు దగ్గర నిలబడితే, ముఖం కూడా తెలియని తెలుగు కుర్రాడొకడు నా భుజం తట్టి, "గుడ్లు మడత పెట్టావా బాసూ? ఇస్త్రీ కూడా చేశావా?" అన్నాడు. మెట్ల మీద ఎదురైన మరొకడు అదే అన్నాడు. ఆ చలికాలమంతా నాకు అదే పేరు.

అయినా మానలేదు. మాటలు వస్తున్నాయి మరి. కోచింగులో మాస్టారు 'బ్లెండ్' అంటే నాకు గిన్నె కనిపించేది, 'రెడ్యూస్' అంటే చిక్కబడే చారు కనిపించేది. కాని నోరు తెరిస్తే మాత్రం వంటల పుస్తకమే బయటికొచ్చేది. అందులో ఉన్నవన్నీ ఆజ్ఞలు. వెయ్యి, తియ్యి, కలుపు, ఆగు. అందులో 'నేను' లేదు, 'నువ్వు' లేదు, నిన్న జరిగింది లేదు. ఒకసారి లైబ్రరీలో పుస్తకం అడగాల్సి వచ్చి, "టేక్ ద బుక్. గివ్," అన్నాను. ఆ కౌంటరు మనిషి నన్ను ఎగాదిగా చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఒక ఆదివారం అతని క్లాసువాళ్లు ముగ్గురు భోజనానికి వచ్చారు. వస్తున్నారని నాకు ఆ పొద్దున్నే చెప్పాడు. పులావు, కోడికూర, పెరుగు పచ్చడి చేశాను. వాళ్లు మంచాల మీద కూర్చుని తింటుంటే నేను బండ దగ్గర నిలబడి ఉన్నాను. ఒక అమ్మాయి, ఎవరు వండారని ఇంగ్లీషులో అడిగింది. అతను నా వైపు చూడకుండానే అన్నాడు.

"హీ ఈజ్ మై కుక్, మోర్ ఆర్ లెస్."

నాకు అర్థం కాదనుకున్నాడు. 'వన్ కప్ వాటర్, మోర్ ఆర్ లెస్' అని అతని నోటితోనే ఎన్నిసార్లు విన్నానో. కొంచెం అటూ ఇటూగా నేను అతని వంటవాణ్ణి.

గరిటె పట్టుకునే ముందుకొచ్చాను. చెవులు మండిపోతున్నాయి. "ఈట్ హాట్," అన్నాను. "డూ నాట్ కీప్. ఈట్ అండ్ గో."

అందరూ నవ్వారు. అతణ్ణి చూసి కాదు, నన్ను చూసి. ఆ అమ్మాయైతే, "హౌ స్వీట్!" అంది.

వాళ్లు వెళ్లగానే మొదలుపెట్టాను.

"ఏమన్నవ్? నేను నీ వంటోన్నా? పొద్దుగాల లేసి అంత జేసి పెడ్తే గిట్లనా మాట్లాడేది?"

"గిట్లనా, గట్లనా!" అతను నా యాస పట్టుకుని వెక్కిరించాడు. "నీ తెలుగు నాకెక్కడ అర్థమవుతుందయ్యా? తిట్టాలనుంటే ఇంగ్లీషులో తిట్టు."

సరే అనుకున్నాను. "యూ డిడ్ నాట్ టోల్డ్ ఫ్రెండ్స్ ద ట్రూత్!"

"డిడ్ నాట్ టెల్."

"యూ డిడ్ నాట్ టెల్! యూ ఈట్ ఎవ్రీ డే, యూ నెవర్ వాష్ వన్ ప్లేట్. ఎస్టర్‌డే ఆల్సో యూ డిడ్ నాట్ వాష్డ్!"

"డిడ్ నాట్ వాష్. వాష్డ్ కాదు. డిడ్ వచ్చాక మళ్లీ పాస్ట్ టెన్స్ ఎందుకు?"

"యూ డిడ్ నాట్ వాష్!" అని అరిచాను. కింద నుంచి ఇంటి యజమాని, "అరే భాయ్, క్యా హో రహా హై?" అని కేకేసేదాకా అలాగే సాగింది. నేను తిట్టడం, అతను దిద్దడం, దిద్దిందాన్ని సరిగ్గా పలికి మళ్లీ తిట్టడం.

ఆ రోజు నుంచి అతనికి వండటం మానేశాను. స్టవ్ నాది కనుక నాకొక్కడికే వండుకున్నాను. అతను ధాబా నుంచి పరాఠాలు తెచ్చుకుని, నా పప్పు వాసన వస్తుంటే కిటికీ వైపు తిరిగి తినేవాడు. మేం మాట్లాడుకుంటే పోట్లాటే, అదీ ఇంగ్లీషులోనే. నీళ్ల బకెట్ గురించి, లైటు గురించి, తలుపు గడియ గురించి. అతణ్ణి మళ్లీ 'అన్నా' అనలేదు. ఇంగ్లీషులో ఆ అవసరం కూడా లేదు, 'యూ' అంటే చాలు.

సాయంత్రం అననున్న మాటలు కోచింగు నుంచి వచ్చే బస్సులో రాడ్డు పట్టుకుని తయారుచేసుకునేవాణ్ణి. గ్రామరు పుస్తకంలో ఎన్నడూ తలకెక్కని వాక్యాలు కోపానికి ఎక్కాయి. ఒకరోజు అతను, నీ చేత వండించుకున్నందుకు ఇంకా పగబట్టావా అన్నట్టు ఏదో అన్నాడు. నేను తొందరపడకుండా చెప్పాను.

"ఇఫ్ యూ హాడ్ ఇంట్రడ్యూస్డ్ మీ యాజ్ యువర్ రూమ్మేట్, ఐ వుడ్ హావ్ కుక్డ్ ఫర్ దెమ్ ఎగైన్."

అతను తప్పు కోసం వెతుకుతున్నాడని ముఖంలోనే తెలిసింది. నేను ఎదురుచూశాను. దొరకలేదు.

"నీ యాస మాత్రం చావలేదు," అని దుప్పటి కప్పుకున్నాడు.

పరీక్షలయ్యాక అతనికి హాస్టల్లో గది దొరికింది. సూట్‌కేసు గుమ్మంలో పెట్టి, వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి తెలుగులో అన్నాడు. "నీకు ఇంగ్లీషు నేర్పింది నేనే. అది గుర్తుంచుకో."

"ఉంచుకుంట," అన్నాను. "ఎట్ల నేర్పినవో గూడ గుర్తుంచుకుంట."

సూట్‌కేసు బరువుగా ఉంది. మూడు అంతస్తులూ అతనొక్కడే దింపుకున్నాడు. నేను లేవలేదు.

నాకు సివిల్స్ రాలేదు. నోయిడాలో ఒక కంపెనీలో చేరాను, ఇంగ్లీషుతోనే బతుకుతున్నాను. మామూలుగా మాట్లాడేటప్పుడు ఇప్పటికీ తడబడతాను. ఎవరితోనైనా గొడవ పడితే మాత్రం ఒక్క తప్పు రాదు.