ఎరువు తెచ్చిన జంఖానా

మొన్న మా చెల్లెలి మనవరాలు కల్వకుర్తి నుంచి వచ్చి, తాను నడిపే పిల్లల కేంద్రానికి సాయం కోరుతూ ఫోనులోనే ఒక ఫౌండేషన్‌కు దరఖాస్తు నింపుతూ, 'మీ అవసరాన్ని వివరించండి' అన్న చోట ఆగి, అవ్వా, జర నువ్వు చెప్పు, ఏం రాయాల్నో అంది. ఆ మాట చదవగానే ఒకప్పుడు నేను రాసిన అలాంటి దరఖాస్తే గుర్తొచ్చింది.

నేను వనపర్తిలో పంతులమ్మగా కొత్తగా చేరిన రోజులవి. గోపాల్‌పేటలో మా మేనత్త, దసరా వెళ్లగానే బొంబాయికీ పూనాకూ మట్టిపనికి వెళ్లేవాళ్ల పిల్లల్ని ఒక పాత పెంకుటింట్లో ఉంచుకుని, వాళ్లు తిరిగొచ్చేదాకా వండిపెట్టి బడికి పంపేది. సంఘం అంటే ఆమె, మరో నలుగురు కూలి ఆడవాళ్లు, అంతే. ఊళ్లో చందాలు పలచబడి, ఆ ఏడు బయటి సాయం దొరక్కపోతే ఇల్లు మూసెయ్యడమే, మూస్తే పిల్లలు బడి మాని తల్లుల వెంట పోవడమే అన్నంత వరకూ వచ్చింది. మన ప్రాంతంవాళ్లే తలా కొంత వేసి పెట్టిన ఒక ఫౌండేషన్ ఇలాంటి చిన్న సంఘాలకు సాయం చేస్తుందని తెలిసి, ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే కనుక దరఖాస్తు నా నెత్తిన వేశారు. రిజిస్ట్రేషన్ కాగితం, సంఘం తీర్మానం, కింద అందరి వేలిముద్రలు, ఏడాదికి ఏం చేయదలిచామో, అన్నీ జతపరిచి, పెంకులు కురుస్తున్నాయనీ, పిల్లలు గోనెపట్టాల మీద పడుకుంటున్నారనీ, పళ్లాలు చాలక వంతులవారీగా తింటున్నారనీ ఉన్నదున్నట్టు రాశాను. కళ్లారా చూడడానికి ఒక పెద్దమనిషిని పంపుతామని జవాబు వచ్చింది.

ఆయన వచ్చే రోజు పొద్దున్నే వెళ్లి చూసి నీరుగారిపోయాను. గోడలకు సున్నం, వాకిట్లో ముగ్గులు, ఊరంతా ఖాలా అని పిలిచే కిరాణాకొట్టు ఆమె తన కూతురి పెళ్లికి కొని దాచుకుంటే అడిగి తెచ్చి నేల మీద పరిచిన జంఖానా, ఇంటింటికీ తిరిగి ఎరువు తెచ్చిన స్టీలు పళ్లాలు, కురిసే కప్పు కనబడకుండా అడ్డంగా కట్టిన పువ్వుల చీరలు, పొయ్యి మీద కోడికూర! ఇవన్నీ తీసెయ్యమని బతిమాలితే అత్త నా మీద విరుచుకుపడింది.

"ఇంటికొచ్చిన మనిషికి మన లేమి చూపెడ్తమా? కొలువొచ్చినంక నీకు సిగ్గు పోయిందే?"

పెద్దమనిషి తృప్తిగా తిన్నాడు. పక్కింటివాళ్ల గౌను తొడుక్కున్న మూడో తరగతి పిల్ల ఒకతె పాఠం అప్పజెప్పి పకపకా నవ్వితే ముచ్చటపడ్డాడు. నేను రాసిన కాగితాలు తిరగేసి, తలెత్తి చీరల వంక చూసి, మళ్లీ మడిచి సంచిలో పెట్టుకున్నాడు. "మీకు అన్నీ మంచిగనే ఉన్నయి గదమ్మా, మీకన్న లేనోళ్లు శాన మంది ఉన్నరు" అన్నాడు వెళ్తూ. నోరు విప్పితే అంతమందిలో అత్త పరువు పోతుంది, విప్పకపోతే ఇల్లు పోతుంది. నేను విప్పలేకపోయాను. దానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఆ దసరా తర్వాత ఇంటికి తాళం పడింది. నవ్విన పిల్ల తల్లి వెంట బొంబాయి బస్సెక్కుతూ తన తెలుగు వాచకం నా చేతిలో పెట్టి, మల్లొచ్చినంక తీస్కుంట టీచరమ్మా, అంది. ఎన్నో ఎండాకాలాలు ఎదురుచూశాను, రాలేదు. ఆ వాచకం ఇప్పటికీ నా బీరువాలోనే ఉంది.

ఇదంతా చెప్తే మనవరాలు, మేం గట్ల చెయ్యమవ్వా, అంటూ ఫోటోలు చూపించింది. కురిసే రేకులు, చిరిగిన చాపలు, సొట్టలు పడ్డ గిన్నెలు, ఏదీ దాచలేదు. చివరి ఫోటోలో ఏడెనిమిదేళ్ల పిల్ల పెదవులు బిగించుకుని నిలబడి ఉంది. ఈ పిల్లకేమైందే అంటే, ఏం కాలేదవ్వా, ఊకె నవ్వుతుంటే ఫోటో తీసేదాక నవ్వకు బిడ్డా అని నేనే చెప్పిన, అంది. కాలం మారిందని, లేమిని లేమిగా చూపడం ఈ తరానికి తెలిసిందని నేను సంతోషించాలి, కానీ చాతకాలేదు. అది తప్పమ్మా అనీ అనలేకపోయాను, ఎందుకంటే ఆ కేంద్రం నిలబడాలి. పంపెయ్ తల్లీ అని, కళ్లద్దాలు తుడుచుకోవడానికన్నట్టు ముఖం పక్కకు తిప్పుకున్నాను.