బండ కట్టి కొన్న కారు

కర్నూలుకు రాజధాని వచ్చింది, మళ్లీ హైదరాబాదుకు పోయింది కూడా. మా ఇంటికి కారు మాత్రం రాలేదు. రాజధాని వచ్చినప్పుడు మొదలుపెట్టి, అది పోయేదాకా మా ఇంట్లో పెద్దవాళ్లు కారు ఎంచుతూనే ఉన్నారు. ఇప్పటికీ ఎవరైనా కారు కొనబోతూ స్థలమెంత, లాగుడెంత, నమ్మకమెంత అని మాట్లాడుకుంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. లేచి పక్కగదిలోకి పోతాను.

కారుతో నీకేం పని అంటారా? నా చదువంతా ఆ కారుకే కట్టేసి ఉంది. మా ఊరు ఆళ్లగడ్డకు దగ్గర, నంద్యాల రోడ్డు మీదే. ఆళ్లగడ్డలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. ఆపైన ఆడపిల్లల బడి కావాలంటే నంద్యాలకు పోవాలి. ఆ బడి పక్క వీధిలోనే మా పెద్దమ్మ ఇల్లు. సోమవారం దింపి శనివారం తెచ్చుకుంటే చాలు. నంద్యాల బస్సు మా ప్రహరీగోడ పక్కనే ఆగేది. మా జేజి, అంటే నాయనమ్మ, ఆరబెట్టిన వడియాల మీద దుమ్ము పడుతోందని ఆ బస్సును రోజూ తిట్టేది. బస్సు అంత దగ్గర. కానీ మా ఇంటి ఆడపిల్ల బస్సెక్కడమా! నాయన పదిమందిలో ఒక మాట అనేశాడు.

"కారు కొంటాండా. నా కూతురు నంద్యాలకు పోతే కార్లోనే పోతాది."

నాయన మాటంటే మాటే. కారు వస్తే బడి, రాకపోతే లేదు. ఎనిమిదో తరగతి అయిపోయాక ఒక ఏడాదంతా ఇంట్లో కూర్చున్నాను. మా ఊళ్లోనే చర్చి వెనక ఉండే టీచరమ్మ కూతురు, నాతోపాటు చదివిన పిల్ల, బడి తెరవగానే ట్రంకుపెట్టె బస్సు మీదికి ఎక్కించుకుని దర్జాగా వెళ్లి చేరింది. శనివారం శనివారం వచ్చి ఆల్జీబ్రా అంటే ఏమిటో నాకు చెప్పేది. సగం అర్థమయ్యేది, సగానికి ఏడుపొచ్చేది.

కారు రాలేదు గానీ దానికి కొట్టం మాత్రం లేచింది. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని అమ్మ నాకు జడ వేస్తూ మెల్లగా అనేది. పెద్దవాళ్ల ఎదుట అమ్మ నాయనతో నేరుగా మాట్లాడేది కాదు. ఏదైనా చెప్పాలంటే జేజితో చెప్పేది, పక్కనున్న నాయన వినేవాడు. మా ఇంటి పద్ధతి అది.

మామూలు కారు మావాళ్ల కంటికి ఆనలేదు. వెనక తలుపెత్తితే గదిలాగా ఉండే పొడుగు కారు కావాలి. వాటిని స్టేషన్ వ్యాగన్లు అనేవాళ్లు. కొత్తవి అంత సులువుగా దొరికే కాలం కాదు. నంద్యాలలో మూడు అమ్మకానికి ఉన్నాయని తెలిసింది. ఒకటి పత్తి మిల్లు యజమానిది, పక్కలకు చెక్క పలకలు తాపిన పొడుగాటి విదేశీ బండి. ఇంకొకటి ఒక కాంట్రాక్టరుది, ఎత్తుగా ఇనప బీరువాలాగా ఉండేది. మూడోది ఒక డాక్టరుగారిది, చిన్నది, మన దేశంలోనే బిగించింది. ఈ మూడూ ఒకదాని తర్వాత ఒకటి మా వాకిట్లోకి వచ్చేవి, పోయేవి, కొన్నాళ్లకు మళ్లీ వచ్చేవి. వాటి డ్రైవర్లకు మా ఇంటి మజ్జిగ అలవాటైపోయింది.

స్థలం సంగతి చూసేది జేజి. "కాళ్లు బారజాపుకోని పండుకునే జాగా ల్యాకుంటే అదేం కారు?" అనేది. ఆమె కొలబద్ద నులక మంచం. కారు వచ్చిందంటే చాలు, పంచలో ఉన్న మంచం మోసుకొచ్చి వెనక తలుపులోంచి లోపలికి తోయాలి. పడితే ఆమె ఎక్కి పడుకుని చూసేది. చెక్కబండిలో మంచం హాయిగా పట్టింది. కాంట్రాక్టరు బండిలో మంచం కోళ్లు కాస్త తగిలాయి. వాటిని కోయించమంది. డాక్టరుగారి బండిలో సగం మంచం బయటే ఉండిపోయింది. "ఇది గంపప్పా, కారు కాదు" అని తీసిపారేసింది. కార్లో మంచం వేసుకుని ఎక్కడికి పోతావు జేజీ అని నేను అడిగితే, పెద్దదానికి ఎదురు మాట్లాడుతున్నానని నాకే తిట్లు.

లాగుడు సంగతి చిన్నాయనది. నాయన తమ్ముడాయన. శివరాత్రికి మా వైపు బండలాగుడు పందేలు జరుగుతాయి. పెద్ద రాతిబండకు గొలుసు కట్టి ఎద్దులచేత లాగిస్తారు, ఎక్కువ దూరం లాగిన జతది గెలుపు. ఆ పందేలంటే చిన్నాయనకు ప్రాణం. మా జత గెలిచిన ఏడు ఆయన నేల మీద నడిచేవాడు కాదు. కారు అహోబిలం దారి ఎక్కాలి, రుద్రవరం చేలల్లో నల్లరేగడి బురద దాటాలి, శనక్కాయల మూటలు వేసినా మూలగకూడదు. ఇవీ ఆయన షరతులు. నంద్యాల తారురోడ్డు మీద ఒక ఆడపిల్లను, ఒక పెట్టెను మోయడానికి ఇంత బలమెందుకో ఎవరూ అడగలేదు.

నమ్మకం సంగతి నాయనది. కాడి కింద ఒకసారి కూలబడిన ఎద్దు మళ్లీ కూలబడుతుందని ఆయన సిద్ధాంతం. ప్రతి డ్రైవరునూ ఒకటే అడిగేవాడు.

"దావలో యాడన్నా నిలబడిపోయిందా ఇది?"

నిలబడిందంటే ఆ బండి వద్దు. ఎప్పుడూ నిలబడలేదంటే, "అబద్ధాలు చెప్తాండాడు" అని ఇంకా వద్దు. పాపం ఆ డ్రైవరు ఇంకేం చెప్పాలి?

అమ్మ ఒకే ఒక్కసారి నోరు విప్పింది. "అత్తా, ఆ డాక్టరుగారి కారుకేం తక్కువ? పిల్ల కూసుంటాది, పెట్టె పడతాది. సాలు గదా" అంది, నాయనకు వినబడేలా.

"మంచం యాడ పెడతావు మే?" అంది జేజి.

డాక్టరుగారి బండి పని అంతటితో సరి. దాన్ని అవుకు వాళ్లెవరో కొనుక్కుపోయారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు అది అవుకుకూ నంద్యాలకూ మధ్య నిక్షేపంగా తిరగడం నేను కళ్లారా చూశాను. చూసినప్పుడల్లా నాకు ఎక్కడో కాలేది.

రెండో ఏడు కూడా బడి తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. ఈసారి చేర్చకపోతే వయసు మీరిపోతుందని, ఇక తీసుకోరని పెద్దమ్మ కబురు పంపింది. నేను అన్నం మానేశాను. ఒక పూట మానేసి, రెండో పూట ఆకలికి ఆగలేక తిన్నాననుకోండి, కానీ ఇంట్లో కదలిక వచ్చింది. మిగిలిన రెండు బండ్లనూ ఒకే రోజు పిలిపించి తేల్చేద్దామన్నారు. ఎలా తేల్చాలో చిన్నాయన చెప్పాడు.

"ఎద్దును కొనేటప్పుడు బండ కట్టి సూస్తాం గదన్నా. దీనికీ కడదాం."

నవ్వుతారనుకున్నాను. ఒక్కరూ నవ్వలేదు. ఇన్నాళ్లూ మనకు తోచలేదే అన్నట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాయన కూడా తలూపాడు.

కోతలు ఎప్పుడో అయిపోయి కళ్లం ఖాళీగా ఉంది. పందెపు బండను అక్కడికి దొర్లించుకొచ్చారు. రోహిణి ఎండలో ఊరంతా చేరింది. అమ్మా నేనూ మిద్దె మీద నుంచి చూస్తున్నాం. పత్తి మిల్లు యజమాని డ్రైవరు వచ్చాడు, బండను చూశాడు, గొలుసును చూశాడు.

"మా బండిని అమ్మేదానికి తెచ్చినా సామీ, సంపేదానికి కాదు" అని మజ్జిగ కూడా తాగకుండా తిప్పుకుని పోయాడు. తెలివైనవాడు. మిగిలింది కాంట్రాక్టరు బండి. దాని డ్రైవరు మొహమాటస్తుడు.

"క్లచ్చు పోతాదన్నా" అని గొణిగాడు.

"క్లచ్చేందప్పా? ఎద్దుకుందా క్లచ్చు?" అన్నాడు చిన్నాయన. జనం ఈలలు వేశారు.

గొలుసు బిగించారు. బండి గట్టిగా అరిచి, బండను కాస్త దూరం లాగింది కూడా. చిన్నాయన పక్కనే పరుగెత్తుతూ, అలవాటుకొద్దీ కారు వెనక రేకును అరచేత్తో చరుస్తూ అదిలిస్తున్నాడు. మెత్తటి నేల దగ్గర బండ కూరుకుంది. "తొక్కు! ఇంగా తొక్కు!" అని అందరూ ఒకటే కేకలు. ఇంజను మొత్తుకుంటోంది, చక్రాలు కదలడం లేదు. కాసేపటికి మిద్దె దాకా మాడు వాసన కొట్టింది. కింద నుంచి తెల్లగా పొగ లేచింది. ఆ తర్వాత ఎంత తొక్కినా ఇంజను అరవడమే గానీ బండి జానెడు కూడా జరగలేదు.

"కూలబడింది" అన్నాడు నాయన, తను ముందే చెప్పినట్టు.

నాకు పైనుంచి ఒక రాయి విసరాలనిపించింది. ఎవరి మీదని కాదు, అందరి మీదా. పక్కనున్న అమ్మ చేతిలోని విసనకర్ర ఆగిపోయింది.

సంతలో పరీక్షకు కట్టిన ఎద్దుకు కాలు విరిగితే, కట్టినవాడే దాన్ని కొనాలి. అది మావాళ్ల ధర్మం. ఆ ధర్మం ప్రకారమే ఇన్నాళ్లూ ఎంచి ఎంచి, పనికిరాకుండా పోయిన కారును కొన్నారు. స్థలమూ కాదు, లాగుడూ కాదు, నమ్మకమూ కాదు. మేమే చెడగొట్టాం కాబట్టి కొన్నాం.

బాగుచేసేవాడు నంద్యాలలో ఉన్నాడు. కాలిపోయిన క్లచ్చుకు ప్లేటు మద్రాసు నుంచి రావాలి. ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. "లారీ కట్టి లాక్కపోదాం" అన్నాడు చిన్నాయన, ఈసారి గొంతు తగ్గించి. నాయన ససేమిరా అన్నాడు. "మన బండిని ఊరోళ్ల లారీ లాగేదేంది? మన ఎద్దులు ల్యావా?" ఎద్దులు లాగితే గౌరవమట, లారీ లాగితే నామోషీ అట. ఈ లెక్క నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

నన్ను పిలిచి, "కారు బాగయ్యేదంకా ఓపిక పట్టు పాపా" అన్నాడు నాయన. బడి తెరవడానికి ఇంకా రెండు రోజులే ఉన్నాయి. నోరు తెరిస్తే ఏం మాట్లాడతానో అని నాకే భయం వేసింది.

అప్పుడు అమ్మ లోపలి నుంచి నా ట్రంకుపెట్టె తెచ్చి నడుమింట్లో దించింది. జేజి వైపు తిరిగింది.

"అత్తా, రేపు కారు నంద్యాలకు పోతాంది గదా. పిల్ల కార్లోనే పోవల్లని గదా మాట. కూసోబెడితే సరిపాయె."

జేజి నాయనను చూసింది, నాయన పెట్టెను చూశాడు. తన మాట ఎక్కడా తప్పలేదు. అది కారే, పోయేది నంద్యాలకే. కాదనడానికి ఆయనకు సందు దొరకలేదు. జేజి కాసేపు ఆలోచించి, "నేనూ పోతా. మంచం ఎయ్యండి" అంది.

మర్నాడు తెల్లవారుజామున బయలుదేరాం. ముందు మా పందెపు జత, వాటి వెనక కాంట్రాక్టరు దగ్గర కొన్న కారు, చక్రం తిప్పడానికి ఆ మొహమాటపు డ్రైవరు. వెనక భాగంలో కోళ్లు కోసిన మంచం, దాని మీద కాళ్లు బారజాపుకుని జేజి, పక్కన పెట్టె మీద నేను. ఎవరి కంటా పడకూడదని అద్దాలకు తెరలు కట్టారు. దారి పొడుగునా ప్రతి ఊరూ పని మానుకుని రోడ్డు మీదికి వచ్చి మమ్మల్ని చూసింది. శిరివెళ్ల దగ్గర ఎవరో, "కారుకు ఎద్దుల్ని కట్టినారేందప్పా?" అని అడిగారు. "పెట్రోలు మిగుల్తాది" అన్నాడు చిన్నాయన, ఎటో చూస్తూ. నాయన తలకు తువ్వాలు చుట్టుకుని ఎద్దుల ముందు నడుస్తున్నాడు.

మధ్యలో బస్సు మమ్మల్ని దాటింది. నేను తెర తొలగించి చూశాను. కిటికీ పక్కన టీచరమ్మ కూతురు కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వబోయి ఆపుకుంది. ఆ బస్సు గంటలోపే నంద్యాల చేరింది. మేము దీపాలు పెట్టే వేళకు చేరాం. పెద్దమ్మ ఆ ఎద్దులనూ కారునూ చూసి, స్నానాలకు నీళ్లు తోడింది. మర్నాడు నాయన నన్ను బడిలో చేర్చాడు. వాళ్లు పేరు రాసుకుంటుంటే, సరిగ్గా రాశారో లేదోనని నేను తొంగి చూశాను.

కారు నంద్యాలలోనే ఉండిపోయింది. శనివారం వచ్చింది. నన్ను తీసుకుపోవడానికి కారు లేదు, ఎద్దులూ లేవు. టీచరమ్మ కూతురు బయలుదేరుతుంటే పెద్దమ్మ నన్నూ ఆమెతో బస్సెక్కించింది. మా ఊళ్లో దిగేసరికి గోడ పక్కన నాయన నిలబడి ఉన్నాడు. ఆయన నా చేతిలో సంచి అందుకున్నాడు.

"సీటు దొరికెనా?" అన్నాడు.

"దొరికింది నాయనా" అన్నాను.

అంతే. పరువు పోలేదు, ఊరు నవ్వలేదు, జేజి కూడా ఆ పూట బస్సును తిట్టలేదు. సోమవారం పొద్దున బస్సు వస్తుంటే నాయనే రోడ్డు మీదికి పోయి చెయ్యెత్తి ఆపాడు. నా సంచి తనే ఎత్తి లోపల పెట్టాడు. నేను కిటికీ పక్కన కూర్చుని ఆ చేతినే చూస్తూ ఉండిపోయాను. ఆయన మీద ప్రేమా కోపమూ రెండూ ఒక్కసారే పొంగుకొచ్చాయి. కోపమే ఎక్కువ. ఆ చెయ్యి అంతకు ముందు ఏడాది కూడా ఆయనకు ఉండేది.